నీళ్లు ఎక్కువ, నేల తక్కువ

పెరట్లో ఒక డ్రమ్ములో చేపలు పెంచి, ఆ నీటిని కంకర నింపిన తొట్లలోకి ఎక్కించి, అక్కడ తోటకూరో పాలకూరో పండించి, తేటపడిన నీటిని మళ్లీ చేపలకే వదిలే పద్ధతికి ఆక్వాపోనిక్స్ అని పేరు. ఆ పేరూ, పంపూ, అందులోని లెక్కలూ బయటినుంచి వచ్చినవే. 1980 నుంచి వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ సాగించిన పరిశోధన వాటికి చాలావరకు రూపమిచ్చింది. అందుకే నెల్లూరు తీరంలో తక్కువ ఖర్చుతో ఈ పని మొదలుపెట్టాలనుకునేవారికి ఇది పరాయి విద్యలా తోస్తుంది. కానీ దాని అడుగున ఉన్న సూత్రం, అంటే నీటికీ నేలకూ కొలత కుదరాలన్నది, ఈ సీమ పాలకులు ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద చెక్కించినది. ఆ కొలత తప్పితే ఏమవుతుందో కూడా ఈ తీరం తన కళ్లతో చూసింది. డ్రమ్ము కొనేముందు ఆ చరిత్ర తెలుసుకోవడం పంపు గురించి తెలుసుకోవడమంత అవసరమని నా అభిప్రాయం.

విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు నెల్లూరు సీమలోని ఉదయగిరి నుంచి పాలిస్తూ, 1369లో ఇప్పటి కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్టించి శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, ఆరు దోషాలు లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక, నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. చివరి రెండూ నన్ను ఆపి ఆలోచింపజేస్తాయి. నీళ్లు చాలకపోవడం దోషమని ఎవరైనా అంటారు. నీళ్లు ఎక్కువై, వాటిని వాడుకునే నేల లేకపోవడం కూడా దోషమేనని రాయాలంటే, చెరువునూ ఆయకట్టునూ ఒకే వస్తువుగా చూసే కన్ను ఉండాలి. ఎండాకాలంలో చెరువు పూడికమట్టిని పొలాలకు తోలుకునే అలవాటు ఆ చూపుకు దగ్గరిదే. నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర ఈ చక్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గూడబాతులు పులికాట్‌లోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ చేపలు మేసి, నేలపట్టు చెరువులోని కడప చెట్లమీద గూళ్లు కడతాయి. వాటి రెట్ట నీళ్లలో పడుతుంది. చేప తిన్నది పక్షి ద్వారా, నీటి ద్వారా మట్టికి చేరుతుంది. పొరుగున ఉన్న చెంగల్పట్టు సీమలో వేడంతాంగళ్ రైతులు ఇలాంటి నీటి విలువ తెలిసి, పక్షుల్ని కాల్చే సిపాయిలపై 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టరుకు మొరపెట్టుకున్నారు.

చెరువు ఆక్వాపోనిక్స్ కాదు కదా అని అడగవచ్చు. నిజమే, కాదు. పోరుమామిళ్ల శాసనపు లెక్కలో చేపల ఊసు లేదు, పైరు కోసమని చెరువులో చేపలు వేసినట్టూ అందులో లేదు. ఆక్వాపోనిక్స్ మనవాళ్లు కనిపెట్టారని చెప్పుకుంటే అది అబద్ధం. నేను చెప్పేది అంతకంటే చిన్న మాట: నీటిలో మిగిలినది పైరుకు ఆహారం కావాలన్న అవగాహన ఇక్కడ పాతది. అది తెగిపోయిన కాలం మాత్రం కొత్తది.

1990ల తొలి ఏళ్లలో కండలేరు ఉప్పుటేరు వెంట, బకింగ్‌హాం కాలువ వెంట టైగర్ రొయ్యల గుంటలు వెలిశాయి. వరి పండిన మడిలోకి ఉప్పునీరు వచ్చింది. గుంటలో మిగిలిన మేత, రొయ్యల మలం కలిసిన నీటిని తీసుకునే పైరు ఏదీ లేదు. అది ఏటిలోకే పోయింది, పక్క గుంటవాళ్లు అదే ఏటినుంచి నీళ్లు తోడుకున్నారు. శాసనం భాషలో ఇది నేల తక్కువై నీళ్లు ఎక్కువైన దోషం, చవుడు దోషం కూడా కలిసినది. 1994 చివర్లో తెల్లమచ్చల వైరస్ వ్యాధి వచ్చి గుంటలకు గుంటలు ఖాళీ చేసింది. వైరస్‌కూ నీటి కొలతకూ సంబంధమేమిటన్న ప్రశ్న సబబైనదే. వైరస్ ఈ తీరంలో పుట్టలేదు, బయటినుంచే వచ్చింది. కానీ ఒకరు వదిలిన నీరు మరొకరు తోడుకునే చోట అది గుంటనుంచి గుంటకు పాకడానికి వేరే దారి వెతుక్కోనక్కరలేదు. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, సాగుభూములను రొయ్యల గుంటలుగా మార్చవద్దంది, పులికాట్ సరస్సుకు 1000 మీటర్లలోపు గుంటలు ఉండరాదంది. పునఃసమీక్ష పిటిషన్లతో కూల్చివేతలు ఆగాయి. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009లో వనామీ రొయ్యకు అనుమతి దొరికింది. రొయ్య ఈ జిల్లాకు డబ్బు తెచ్చిందన్నది కాదనలేం, ఎన్నో కుటుంబాలు దానిమీదే నిలిచాయి. తప్పు రొయ్యది కాదు, వాడిన నీటికి చోటు చూపకపోవడానిది.

పెరటి డ్రమ్ములోనూ జరిగేది ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆశపడి చేపలు ఎక్కువ వేస్తారు, మొక్కలకు చోటు తక్కువ ఇస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం ఆకుకూరల తొట్టి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత సరిపోతుంది, వెయ్యి లీటర్లకు 20 కిలోలకు మించి చేపలు ఉండకూడదు. పెరిగిన చేప రోజుకు తన బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లు తింటుంది. అంటే చదరపు మీటరు ఆకుకూరకు మూడు కిలోల చేపలు, కొంచెం అటూ ఇటూ. ఒక 200 లీటర్ల డ్రమ్మును నిలువునా కోస్తే వచ్చే రెండు తొట్లు కలిపి దాదాపు ఒక చదరపు మీటరు. ఇలాంటి ఇంకొక డ్రమ్ము చేపలకు, ఒక చిన్న పంపు, కంకర ఉంటే పని మొదలవుతుంది. రసాయనాలు మోసిన డ్రమ్ము మాత్రం వద్దు. తీరంలో దొరికే కంకరలో గవ్వల ముక్కలు, సున్నపురాయి ఉంటే నీటి క్షారగుణం పెరుగుతుంది. కాస్త వెనిగర్ పోసి నురగ వస్తే ఆ కంకర పక్కన పెట్టాలి. చేపలు విడిచే అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తర్వాత మొక్కలు తినే నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు కొద్దిగానే ఉండాలి.

ఇంతా చేస్తే ఇంటికి ఎంత మిగులుతుందంటారా? కూరకు ఆకు, అప్పుడప్పుడూ పులుసుకు చేప, అంతే. మేత కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి. జీవనాధారమవుతుందని చెప్పేవాళ్లను నమ్మవద్దు. కరెంటు పోతే గాలిపీల్చే కొరమేను తట్టుకుంటుంది కానీ దానికి మాంసాహార మేత కావాలి, పైన వల కప్పకపోతే ఎగిరి బయట పడుతుంది. వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి ఉప్పు. శాసనం రెండో దోషంగా చెప్పిన చవుడు, తీరానికి దగ్గరి బోరు నీళ్లలో ఇప్పుడు మన ఇంటికే వస్తోంది. గంగవాయిలి కూర కొంత ఉప్పును ఓర్చుకుంటుంది, చాలా ఆకుకూరలు ఓర్చుకోవు. అందుకే చేపపిల్లల కోసం వెళ్లేముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఉప్పు తేలితే, ఇంటి కప్పు మీద పడే వాన నీళ్లు పట్టే ఏర్పాటు అయ్యేదాకా ఆ డ్రమ్ము ఖాళీగానే ఉంచండి.