కళాయి సాయిబు పోయాక

గిన్నెలకు పూసే కళాయి మాట అసలు అరబీది. తగరాన్ని అరబ్బులు ఖలయీ అన్నారు. అది ఫార్సీ, ఉర్దూల మీదుగా మన వంటింట్లోకి వచ్చి కళాయి అయింది. ఆ పని చేసేవాళ్లలో మనవాళ్లు ఎక్కువ కాబట్టి ఖమ్మం, ఇల్లెందు, పాల్వంచ వైపు ఊళ్లల్లో 'కళాయి సాయిబు' అనే పిలుపుండేది. ప్లాస్టిక్ గురించి రాయాలనుకుని ఆయన దగ్గర మొదలుపెట్టడానికి కారణముంది.

రాగి, ఇత్తడి గిన్నెల్లో చింతపులుసు, పెరుగు నిలవుంటే లోహం కరిగి తిండిలోకి దిగుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అందుకే కళాయి. కొలిమి మీద గిన్నెను కాల్చి, నౌషాదర్ (మన నవాసారం) చల్లి, తగరం తాకించి దూదితో రుద్దితే లోపలంతా వెండిలా మెరిసేది. మా దాదీమా దావత్‌కు దేగ్ దింపించే ముందు దాన్ని వెలుతురుకు తిప్పి చూసేది. ఎక్కడన్నా పచ్చగా చిలుము కనబడిందా, ఆ రోజు అందులో సాలన్ వండేది కాదు. ఆ జమానా అంతా అమృతమేం కాదు. తగరంలో సీసం కలిపే బేయీమాన్లు ఉండేవాళ్లు. సీసం చిలుములా కంటికి కనబడదు. అయినా రాగి చేసే హాని మాత్రం ఆకుపచ్చ రంగులో ఖబర్ ఇచ్చేది.

గోదావరి దాటితే వేరే దునియా. నిజాం 1860లో భద్రాచలం తాలూకాను అంగ్రేజీలకు ఇచ్చేశాక, నదికి ఇవతల బూర్గంపాడు ఆసఫ్‌జాహీ సర్కారుది, అవతల భద్రాచలం తెల్లోళ్లది. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. సర్కార్లు ఎన్ని మారినా కోయ ఇంట్లో సామాను మారలేదు. నీళ్లకూ కల్లుకూ సొరకాయ బుర్ర, వంటకు మట్టికుండ, తినడానికి పుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తరి. వాటి పని అయిపోతే మట్టిలో కలిసేవి.

తర్వాత ప్లాస్టిక్ బిందె వచ్చింది. పాత ఇనుముకు బదులు రంగురంగుల టబ్బులిచ్చే బండ్లు వచ్చాయి. దాన్ని నేను ఊరికే తిట్టలేను. దూరం నుంచి నీళ్లు మోసే ఆడవాళ్లకు ఇత్తడి బిందె బరువు తప్పడం చిన్న రాహత్ కాదు. పగలదు, సస్తా, గరీబులు కొనగలరు. చిలుమూ పట్టదు. చిక్కంతా ఆ చిలుము పట్టకపోవడంలోనే ఉంది.

కొంచెం వెనక్కి పోదాం. బిస్ఫినాల్-ఏ అనే రసాయనాన్ని 1891లో రష్యాకు చెందిన దియానిన్ తయారుచేశాడు. 1936లో లండన్‌లో ఎడ్వర్డ్ డాడ్స్ బృందం అది ఒంట్లో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని చూపింది. రెండేళ్లకు డాడ్స్ అంతకన్నా బలమైన డీఈఎస్‌ను కనిపెడితే, బిస్ఫినాల్‌ను మందుగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ డీఈఎస్‌ను గర్భిణులకు ఏళ్ల తరబడి ఇచ్చారు. వాళ్ల కూతుళ్లలో అరుదైన క్యాన్సర్ బయటపడ్డాక, 1971లో అమెరికా సర్కారు గర్భిణులకు ఇవ్వొద్దంది. ఈలోగా 1953లో పాలీకార్బొనేట్ పుట్టింది. మందు కాలేకపోయిన బిస్ఫినాల్ పాలసీసా అయింది, నీళ్ల క్యాన్ అయింది, డబ్బాల లోపలి పూత అయింది.

అంటే హార్మోన్‌లా పనిచేస్తుందన్న ఇల్మ్ ముందే ఉంది, సీసా తర్వాత వచ్చింది.

అన్ని ప్లాస్టిక్‌లూ ఒకటి కాదు. పీవీసీని మెత్తబరచడానికి థాలేట్లు కలుపుతారు. అవి గట్టిగా అతుక్కుని ఉండవు, నూనె తగిలితే తేలిగ్గా దిగుతాయి. చాయ్ కట్టిచ్చే పల్చటి కవర్ పాలిథీన్. దాని తయారీకి బిస్ఫినాల్ అక్కర్లేదు. కానీ రీసైకిల్ చేసిన నల్ల కవర్ అంతకుముందు ఏ డబ్బానో, అందులో ఏముండేదో ఎవరికి ఎరుక? వేడి, నూనె, పులుపు, ఎక్కువసేపు నిలవుండటం, ఈ నాలుగూ రసాయనాలు దిగడాన్ని పెంచుతాయి. మన బిర్యానీ పార్సిల్‌లో నాలుగూ ఉన్నాయి.

ఒక కవర్ చాయ్‌తో ఫలానా బీమారీ వస్తుందని ఏ హకీమూ చెప్పలేడు. సంతానశక్తి, షుగర్, ఎదిగే పిల్లల ఆరోగ్యంతో వీటికి సంబంధం చూపిన పరిశోధనలున్నాయి. అన్నిట్లోనూ కారణం ఇదేనని తేలలేదు. కానీ యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్ఫినాల్ సురక్షిత మోతాదును ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. నిన్నటిదాకా 'ఫికర్ లేదు' అన్న లెక్క అంత మారిందంటే ఆలోచించాల్సిందే.

ఇక కానూన్. యూరప్ 2011లో పాలసీసాల్లో బిస్ఫినాల్‌ను నిషేధించింది. మన బీఐఎస్ ప్రమాణం 2015లో పాలీకార్బొనేట్ పాలసీసాలు వద్దంది. రీసైకిల్ ప్లాస్టిక్ కవర్లలో తిండి కట్టొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల్లో చెప్పింది. కాగితం మీద ఇన్సాఫే. కానీ చర్ల, దుమ్ముగూడెం సంతలో వేడి బజ్జీలు కట్టే కవర్ ఎలాంటిదో చూసే నాథుడెవరు?

పేపర్ కప్పుకు మారితే సరిపోతుందా? భద్రాచలం పక్కనే సారపాకలో 1979 నుంచి పెద్ద పేపర్‌బోర్డు మిల్లు ఉంది కాబట్టి మనకు అట్ట కొత్త కాదు. అయితే మామూలు చాయ్ కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే అట్ట నానిపోతుంది. అలాంటి కప్పులో 100 మి.లీ. వేడి ద్రవం 15 నిమిషాలుంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు లెక్కగట్టారు.

కళాయి సాయిబును మళ్లీ పిలవలేం. ఆయన పని స్టీలు గిన్నె తీసేసుకుంది. అది చాలావరకు మంచే. దుకాణానికి స్టీలు టిఫిన్ తీసుకుపోవడం, గాజు గ్లాసులో చాయ్ అడగడం, వలీమాకు థర్మాకోల్ పళ్లేలు మాని అడ్డాకు విస్తర్లు తెప్పించడం మన చేతిలో ఉన్నాయి. విస్తర్లు కుట్టే ఆడవాళ్లకు నాలుగు పైసలొస్తాయి కూడా. సంతలో కవర్లు చూడాల్సింది మాత్రం సర్కారే. దాదీమా కన్ను చిలుమును పట్టింది గానీ, బిస్ఫినాల్‌ను పట్టే కన్ను లేబొరేటరీది. ఆ కన్ను చర్ల దాకా రావాలని అడగడం మన హక్కు.