తగలబెట్టక తప్పనివి

పాతసామాన్లు కొనేవాడి తక్కెడకి మొహమాటం లేదు. న్యూస్‌పేపర్లు, ఇనుము, ఇత్తడి, సీసాలు అయితే దాంట్లోకెక్కుతాయి. అరిగిపోయిన హవాయి చెప్పులూ, అయిపోయిన బ్యాటరీలూ, మందుబిళ్ళల రేకులూ, ఉండలు కట్టిన పరుపూ, పగిలిన అద్దమూ ముందు పెడితే చేత్తో పక్కకి నెట్టేసి "ఇవి నడవవమ్మా" అంటాడు. అలా నెట్టేసిన కుప్ప తర్వాత ఎక్కడికి పోతుందో మనం ఆలోచించం. బండి వస్తుంది, పట్టుకుపోతుంది. కంటికి కనపడకపోతే లేనట్టే లెక్క!

ఆ కుప్పతో ఇరవై ఏళ్ళకి పైగా కుస్తీ పట్టిన ఊరొకటి జపానులో ఉంది. పేరు కమికత్సు. షికోకు ద్వీపంలో, తొకుషిమా రాష్ట్రంలో, కొండల మధ్య ఉంటుంది. ఊరంటే మనం అనుకునే ఊరు కాదు. లోయలో నాలుగిళ్ళు, వాలు మీద నాలుగిళ్ళు విసిరేసినట్టుండే యాభై పైచిలుకు పల్లెల గుంపు. 1955లో ఊళ్ళన్నీ కలిసి ఒకటైనప్పుడు 6,000 మంది పైనే ఉండేవారు. 2020 నాటికి దాదాపు 1,500 మంది మిగిలారు. వాళ్ళల్లోనూ సగానికి పైగా 65 ఏళ్ళు దాటినవాళ్ళే. పిల్లలు పట్నాలకి వెళ్ళిపోతే పెద్దవాళ్ళు ఇళ్ళు కాపలా కాసే ఊళ్ళు మనకి మాత్రం కొత్తా?

ఈ మధ్య కమికత్సు గురించి రాసేవాళ్ళందరూ అక్కడివాళ్ళు పుట్టుకతోనే ఋషులైనట్టు రాస్తున్నారు. చరిత్ర చూస్తే అలా లేదు. ఈ కథ మొదలైంది ఆదర్శంతో కాదు, ఖాళీ ఖజానాతో.

ఆ ఊళ్ళో మొదటినుంచీ చెత్తబండి అన్నదే లేదు. ఆ కొండదారుల్లో ఇంటింటికీ బండి తిప్పే స్తోమత ఊరికి లేదు. హిబిగతాని అనే చోట ఒక ఖాళీ స్థలం ఉండేది. ఇంట్లో అక్కర్లేనిదల్లా జనం అక్కడికి మోసుకెళ్ళి పడేసేవారు, అక్కడే ఆరుబయట తగలబెట్టేవారు. 1997 దాకా ఇదే పద్ధతి. తర్వాత వచ్చిన పేరుప్రతిష్ఠలన్నీ నిలబడింది ఈ పాత అలవాటు మీదే అని నాకనిపిస్తుంది. ఎవరి చెత్త వాళ్ళే మోసుకుపోవడం వాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పలేదు. మోసుకెళ్ళాక ఏం చెయ్యాలన్నదే మారింది.

ఆరుబయట కాల్చడం మానమని పైనుంచి ఒత్తిడి పెరిగింది. ముందు వంటింటి చెత్త సంగతి చూశారు. కూరగాయల తొక్కలూ, మిగిలిన అన్నమూ ఎవరింట్లో వాళ్ళే ఎరువు చేసుకోవాలని 1991 నుంచి ఎరువు తొట్లకీ, 1995 నుంచి కరెంటు యంత్రాలకీ ఊరే సగానికి పైగా డబ్బు భరించింది. తడి చెత్త గొడవ అలా తీరింది. 1998లో రెండు చిన్న ఇన్సినరేటర్లు, అంటే చెత్త కాల్చే కొలుములు, కట్టుకున్నారు. అప్పటికే చెత్తని 22 రకాలుగా వేరుచేసేవారు. హమ్మయ్య అనుకునేలోగా 1999లో డయాక్సిన్ల చట్టం వచ్చింది. ప్లాస్టిక్కులాంటివి సరైన వేడి లేకుండా కాల్చితే పుట్టే విషం అది. చిన్న కొలుములు కొత్త నిబంధనలకి ఆగలేకపోయాయి. కట్టి మూడేళ్ళు కాకుండానే, 2001 మొదట్లో, మూసేశారు.

నిబంధనలకి సరిపోయే పెద్ద కొలిమి కట్టాలంటే మాటలా? కట్టినా దాన్ని నడపడానికి ఏటా ఎంతవుతుందో! వేరే ఊరికి పంపి కాల్పించాలన్నా డబ్బే. ఇహ మిగిలిన దారి ఒక్కటే. కాల్చవలసింది తగ్గించడం. అందుకని 22 రకాలు కాస్తా 35 అయ్యాయి.

35 రకాలంటే కాగితం మీద ఒక అంకె. వంటింట్లో అది వేరు. పాల డబ్బా కడగాలి, కత్తిరించి పరవాలి, ఆరబెట్టాలి. సీసా మూత తియ్యాలి. మూత ఇనుముదైతే ఒక చోట, ప్లాస్టిక్కుదైతే ఇంకో చోట. తెల్ల సీసాలు వేరు, గోధుమరంగువి వేరు, మిగతా రంగులవి వేరు. న్యూస్‌పేపరు వేరు, అట్టపెట్టె వేరు. అద్దాలూ, ట్యూబులైట్లూ, సిగరెట్ లైటర్లూ, బ్యాటరీలూ దేని డబ్బా దానిదే. వాడిన వంటనూనె కూడా సీసాలో పోసి తీసుకెళ్ళాలి. పత్రికలవాళ్ళు "ఊరంతా కలిసికట్టుగా" అని ఒక్క ముక్కలో రాసేస్తారు గానీ, ఆ పాల డబ్బాలు చన్నీళ్ళలో కడిగిన చేతులు ఎక్కువగా ఎవరివో నేను వేరే చెప్పాలా? ఆ గంటల్ని ఏ లెక్కలోనూ రాసినట్టు నేను చూడలేదు.

జనం సణుక్కున్నారు, సహజమే కదా. కొందరు కుదరదని ఎదురు తిరిగారు కూడా. ఊరి ఆఫీసు ఉద్యోగులు పల్లెపల్లెకీ వెళ్ళి, కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది. ఏది ఎక్కడికి పోతుందో, దేనికెంత ఖర్చో విప్పి చెప్పారు.

అసలు వేరుచెయ్యడం కమికత్సు కనిపెట్టిన విద్యేమీ కాదు. సముద్రంలో కలిసిన పాదరసంతో జనం వికలాంగులై చచ్చిపోయిన మినమాత పేరు వినే ఉంటారు. ఆ జబ్బుని 1956లో గుర్తించారు. ఆ ఊరివాళ్ళే 1993లో చెత్తని 20 రకాలుగా వేరుచెయ్యడం మొదలెట్టారు. పారేసింది ఎక్కడికో పోదని, తిరిగి మన కంచంలోకే వస్తుందని అంత బాధపడి తెలుసుకున్నవాళ్ళు మరొకరు లేరు.

2003లో పాల్ కానెట్ అనే అమెరికాలో ఉన్న రసాయనశాస్త్ర ఆచార్యుడు కమికత్సు వచ్చాడు. కొలుములకి బద్ధ విరోధి ఆయన. డబ్బు లేక చేస్తున్న పనికి అప్పుడొక పేరొచ్చింది. ఆ ఏడు సెప్టెంబరులో ఊరి సభ ఒక ప్రకటన చేసింది: 2020 నాటికి కాల్చేదీ పూడ్చేదీ ఏమీ ఉండకూడదు! జపానులో అలాంటి ప్రకటన చేసిన మొదటి ఊరు అదే.

హిబిగతాని స్థలమే స్టేషనైంది. ఏడాదిలో కొద్ది రోజులు తప్ప పొద్దున్న 7.30 నుంచి మధ్యాహ్నం 2 దాకా తెరిచి ఉంటుంది. ఎప్పుడు వీలైతే అప్పుడు తీసుకెళ్ళచ్చు. కారు నడపలేని ముసలివాళ్ళ ఇళ్ళకి రెండు నెలలకోసారి ఊరే మనుషుల్ని పంపుతుంది. నాకు నచ్చింది అక్కడి బోర్డులు. ప్రతి డబ్బా మీదా, ఇందులో వేసింది ఏ ఊరికి పోతుంది, ఏమవుతుంది, కిలోకి ఊరికి ఎంత వస్తుంది లేదా ఎంత వదులుతుంది అని రాసి ఉంటుంది. మన పద్దుపుస్తకంలాగే, జమ ఇటు, ఖర్చు అటు.

2006లో పక్కనే కురుకురు అని ఒక కొట్టు పెట్టారు. గుండ్రంగా తిరగడం అని ఆ మాటకి అర్థం. మనకి అక్కర్లేని గిన్నెలూ, బట్టలూ, బొమ్మలూ అక్కడ పెట్టచ్చు. కావలసినవాళ్ళు బరువు తూచి, పుస్తకంలో రాసి, ఉచితంగా పట్టుకుపోవచ్చు. పాత కిమోనోలూ, పిల్లల పండుగకి ఎగరేసే చేప బొమ్మల గుడ్డలూ విప్పి, ఊళ్ళో పెద్దావిడలు సంచులూ చొక్కాలూ కుట్టేవారు. పాత జరీ చీరకి స్టీలు గిన్నె బేరమాడి, మెత్తటి నూలు చీరలతో బొంతలు కుట్టిన చేతులకి ఇదంతా ఎరిగిన పనే. ఆ కొట్లో బేరం లేదు, అంతే తేడా.

2016కి రకాలు 45కి చేరాయి. జపాను మొత్తం మీద చెత్తలో అయిదో వంతు మాత్రమే తిరిగి వాడకంలోకి పోతుంటే, కమికత్సులో దాదాపు 80 శాతం పోతోంది. 2020లో స్టేషనుని కొత్తగా కట్టారు. ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన దాదాపు 700 పాత కిటికీలు గోడలకి బిగించారు. పైనుంచి చూస్తే ఆ కట్టడం ప్రశ్నార్థకంలా ఉంటుంది. ఎందుకు కొన్నావు, ఎందుకు పారేశావు అని అడుగుతుందిట.

2020 గడువు అయింది. సున్నా రాలేదు. ఆ మిగిలిన 20 శాతం మీద నేను చాలాసేపు ఆగిపోయాను. స్టేషనులో దానికి పెట్టిన పేర్లు రెండు: "ఎలా చూసినా తగలబెట్టక తప్పనివి", "ఎలా చూసినా పూడ్చక తప్పనివి". ఎంత నిజాయితీ! వాటిల్లో ఏముంటాయి? పి.వి.సి. సామాన్లు, రబ్బరూ తోలూ గుడ్డా ఒకదానికొకటి అంటించేసిన బూట్లు, శానిటరీ నాప్‌కిన్లు, డైపర్లు. ఇవి ఎవరూ కడగక మిగిలినవి కావు. ఎంత కడిగినా, ఎంత ఓపిగ్గా విడదీసినా విడిపోకుండా ఎవరో తయారుచేసినవి. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. ఇక్కడ అడుసు తొక్కింది ఫ్యాక్టరీ, ఇరవై ఏళ్ళుగా కాలు కడుగుతున్నది కొండమీది ముసలమ్మ! ఊరివాళ్ళు ఆ మాట అననే అన్నారు. వేరుచేయడానికి వీల్లేని వస్తువు తయారుచేసేవాడిది కూడా బాధ్యతేనని, ఒక్క ఊరివల్ల అయ్యే పని కాదని.

2020 డిసెంబరులో 2030 దాకా అంటూ మళ్ళీ ప్రకటన చేశారు. ఈలోగా పసిపిల్లల తల్లులకి గుడ్డ లంగోటాలు ఊరే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఉతకడం ఎవరిదో మళ్ళీ అడక్కండి. అయితే ఆ ఊళ్ళో పసిపిల్లలు ఎందరని? డైపర్లు అవసరమయ్యేవాళ్ళల్లో ఎక్కువమంది మంచాన పడిన పెద్దవాళ్ళు. వాళ్ళ డైపర్లు మాత్రం ఆ మొదటి డబ్బాలోకే పోతున్నాయి. దాని మీద కిలోకి ఊరికి వదిలే ఖర్చు ఎప్పట్లాగే రాసి ఉంటుంది.