మాంటిచెల్లో

మాంటిచెల్లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వర్జీనియా రాష్ట్రంలో, షార్లట్స్‌విల్ పట్టణానికి సమీపాన ఒక కొండపై ఉన్న చారిత్రక గృహం. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ముఖ్య రచయిత, ఆ దేశపు మూడవ అధ్యక్షుడు అయిన థామస్ జెఫర్సన్ నివాసం ఇది. ఈ పేరుకు ఇటాలియన్ భాషలో 'చిన్న కొండ' అని అర్థం. 1987లో యునెస్కో దీనిని, వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని కలిపి ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ప్రస్తుతం ఇది గృహ ప్రదర్శనశాల. ఇంటిని యథాతథంగా నిలుపుతూనే సందర్శకులకు చెప్పే చరిత్రను మార్చుకున్న ప్రదర్శనశాలలలో ఇది ప్రముఖమైనది.

చరిత్ర

ఇంటి నమూనాను జెఫర్సన్ స్వయంగా గీశాడు. 1769లో మొదలైన నిర్మాణం, మార్పులు చేర్పులతో 1809 వరకు సాగింది. చుట్టూ సుమారు 5,000 ఎకరాల వ్యవసాయ క్షేత్రం ఉండేది. మనుషులందరూ సమానులని వ్రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. వారిలో సుమారు 400 మంది మాంటిచెల్లోలో నివసించారు. 1826 జూలై 4న ఆయన అప్పులతో మరణించగా, 1827 జనవరిలో 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. 1834లో నౌకాదళ అధికారి యూరయా లెవీ ఈ ఇంటిని కొన్నాడు. ఇల్లు శిథిలం కాకుండా నిలిచిందంటే అందుకు చాలావరకు లెవీ కుటుంబమే కారణం.

గృహ ప్రదర్శనశాలగా

1923లో థామస్ జెఫర్సన్ స్మారక సంస్థ ఇంటిని కొనుగోలు చేసింది. వాస్తుచరిత్రకారుడు ఫిస్క్ కింబాల్ పర్యవేక్షణలో పునరుద్ధరణ జరిగింది. తొలి దశాబ్దాలలో ఇక్కడి కథకు నాయకుడు ఒక్కడే: వాస్తుశిల్పి, గ్రంథప్రియుడు, యంత్రప్రియుడు అయిన జెఫర్సన్. మార్గదర్శకులు బానిసలను 'సేవకులు' అని పిలిచేవారు. పనులన్నిటినీ కర్మణి ప్రయోగంలో చెప్పడం వలన, ఆ పనులు చేసినవారు వాక్యంలో కనిపించేవారు కారు.

ఈ పద్ధతి మారడానికి మూడు రకాల ఆధారాలు తోడ్పడ్డాయి. బానిసల పేర్లు, వారికిచ్చిన తిండి, బట్టల లెక్కలు గల జెఫర్సన్ క్షేత్ర పుస్తకం వాటిలో మొదటిది. బానిసల నివాసాలు, కార్ఖానాలు ఉండిన 'మల్బరీ వరుస'లో జరిపిన త్రవ్వకాలు రెండవది. వారి వారసుల నుండి 1993లో సేకరించడం ప్రారంభించిన కుటుంబ జ్ఞాపకాలు మూడవది.

భోజనశాలలో మార్పు

నవీకరణ అంటే ఎల్లప్పుడూ క్రొత్త వస్తువులు చేర్చడం కాదు. దశాబ్దాల పాటు నీలిరంగులో ఉన్న భోజనశాల గోడలకు, పాత రంగు పొరల పరిశీలన ఆధారంగా, 2010లో ముదురు పసుపు రంగు వేశారు. అలవాటుపడిన సందర్శకులకు ఇది వింతగానే తోచింది. అదే గదిలో నేలమాళిగ నుండి సారా సీసాలను పైకి తెచ్చే చిన్న లిఫ్టులు, అరలు అమర్చిన తిరిగే తలుపు ఉన్నాయి. పూర్వం వీటిని జెఫర్సన్ చమత్కారానికి గుర్తులుగా చూపేవారు. వడ్డించే బానిసలు అతిథుల కంట పడకుండా చేయడానికి కూడా ఇవి ఉపయోగపడ్డాయని ఇప్పటి వివరణ చెబుతుంది. వస్తువు అదే, ప్రశ్న మాత్రం వేరు.

సాలీ హెమింగ్స్ గది

సాలీ హెమింగ్స్ (1773–1835) ఈ ఇంటి బానిస. ఆమె జెఫర్సన్ భార్య మార్తాకు సవతి చెల్లెలని చరిత్రకారుల అభిప్రాయం. జెఫర్సన్ మనవడు చెప్పినట్లుగా నమోదైన ఒక మాటను బట్టి, ఇంటి దక్షిణపు వరుసలోని ఒక గదిలో ఆమె నివసించి ఉండవచ్చని గుర్తించారు. 1941లో ఆ స్థలాన్ని సందర్శకుల మరుగుదొడ్డిగా మార్చారు. దానిని తొలగించగా పాత ఇటుకల నేల, పొయ్యి ఆనవాళ్ళు బయటపడ్డాయి.

2018 జూన్‌లో అక్కడ ఆమె జీవితంపై ప్రదర్శన ప్రారంభమైంది. సాలీ చిత్రం ఏదీ లభించలేదు. కాబట్టి ఊహాచిత్రం గీయించకుండా, ఒక దుస్తుల ఆకృతిని మాత్రమే నిలిపి, ఆమె కుమారుడు మాడిసన్ 1873లో చెప్పిన మాటలను గోడపై వెలుగు రూపంలో చూపించారు. తెలియని ముఖాన్ని తెలియనట్లే ఉంచడం ఈ ప్రదర్శనలోని ఉత్తమ నిర్ణయమని చెప్పవచ్చు.

మల్బరీ వరుసలో పునర్నిర్మించిన ఒక కుటీరాన్ని, ఒక గోదామును 2015లోనే ప్రారంభించారు.

అభిప్రాయ భేదాలు

1998లో వెలువడిన డీఎన్ఏ పరీక్ష, సాలీ చిన్న కుమారుడు ఎస్టన్ వంశానికి జెఫర్సన్ వంశపు పురుషులతో రక్తసంబంధాన్ని చూపింది. సాలీ సంతానానికి జెఫర్సనే తండ్రి అయి ఉండవచ్చని స్మారక సంస్థ 2000లో ప్రకటించింది. 2018 నాటికి దానిని తేలిన విషయంగా పరిగణించింది. ఆ తండ్రి జెఫర్సన్ బంధువులలో మరొకరు కావచ్చని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. ప్రదర్శనలలో జెఫర్సన్ గొప్పతనం కంటె బానిసత్వమే ఎక్కువగా కనిపిస్తున్నదని 2022లో పత్రికలలో విమర్శ వచ్చింది. వారసుల కుటుంబాలలో కొందరికి మాత్రం, తమ పూర్వీకుల పేర్లు ఆ ఇంట్లో వినిపించడం అదే మొదలు.