చందా నుంచి కప్పానికి: డెలోస్ కూటమిలో నగరాల చెల్లింపులు

ఒక నగరం తానే ఒక ప్రభుత్వమై, తనవంటి ఇతర నగరాలతో కలిసి ఏర్పరచుకొన్న సంఘానికి ఏటా చెల్లించే సొమ్మును తెలుగులో ఏమనాలి? సమానుల మధ్య చెల్లింపును చందా అంటాం. తక్కువవాడు ఎక్కువవాడికి చెల్లించేది కప్పం. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు నగరాలు డెలోస్ కూటమికి చెల్లించినదాన్ని ‘ఫోరోస్’ అన్నారు. ‘తెచ్చి ఇచ్చేది’ అని ఆ మాటకు మూలార్థం. అంతకుముందు ఆయోనియా నగరాలు పారశీక చక్రవర్తికి చెల్లించినదాన్ని కూడా హెరొడోటస్ ఇదే మాటతో పేర్కొన్నాడు. కాబట్టి ఏది చందా, ఏది కప్పం అన్న విషయం మాటను బట్టి తేలదు. మొత్తాన్ని బట్టి కూడా తేలదు. ఎంత చెల్లించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, చెల్లించననే నగరానికి ఏమవుతుంది అన్న ప్రశ్నల దగ్గరే అది తేలుతుంది.

కూటమి క్రీ.పూ. 478/477లో ఏర్పడింది. పారశీకులను గ్రీసు నుంచి తరిమిన తరువాత, స్పార్టా సేనాని పౌసానియస్ అహంకారాన్ని సహించలేక ఆయోనియా నగరాలు నాయకత్వం వహించమని ఏథెన్స్‌ను తామే కోరాయి. ఇనుప ముద్దలను సముద్రంలో వేసి, అవి తేలేవరకు ఈ మైత్రి చెల్లుతుందని ప్రమాణం చేశారు. ఖజానా డెలోస్ ద్వీపంలో ఉండేది. సమావేశాలు అక్కడి ఆలయంలో జరిగేవి. సభలో నగరాలన్నిటికీ సమానమైన ఓటు ఉండేది. తొలి చెల్లింపు మొత్తం 460 తలాంతులని థుసిడిడీస్ రాశాడు. తెలుగు బైబిలు ద్వారా మనకు పరిచితమైన ఈ తలాంతు ఏథెన్స్ తూకంలో సుమారు 26 కిలోల వెండి, అంటే 6,000 ద్రక్మాలు. ఏ నగరం ఎంత ఇవ్వాలో నిర్ణయించినవాడు అరిస్టైడీస్. ఆ పని చేపట్టేనాటికే పేదవాడైన ఆయన దానిని ముగించేనాటికి మరింత పేదవాడయ్యాడని ప్లూటార్క్ మెచ్చుకొన్నాడు. అయితే నిర్ణయించినవాడు ఎంత నిజాయితీపరుడైనా ఏథెన్స్ పౌరుడే. సొమ్ము వసూలు చేసే ‘హెల్లెనొటామియాయ్’ అనే కోశాధికారులూ ఏథెన్స్ వారే. తరువాత జరిగినదానికి బీజం ఇక్కడే ఉంది.

కూటమి సభ్యత్వానికి రెండు మార్గాలుండేవి: నౌకలు పంపడం, లేదా సొమ్ము చెల్లించడం. థుసిడిడీస్ ఈ విషయంలో మిత్రనగరాలనే తప్పుపట్టాడు. ఇల్లు విడిచి యుద్ధయాత్రకు పోవడం ఇష్టంలేక అనేక నగరాలు నౌకలకు బదులు సొమ్ము చెల్లించాయి. ఆ సొమ్ముతో ఏథెన్స్ నౌకాబలం పెరిగింది. తిరుగుబాటు చేసిన రోజున ఆ నగరాలకు ఆయుధమూ లేదు, అనుభవమూ లేదు. ఈ విశ్లేషణలో సత్యం ఉంది. కాని అది పూర్తి సత్యం కాదు. రెండు మూడు నౌకలు నడపడమే గగనమైన చిన్న ద్వీపానికి సొమ్ము చెల్లించడం సోమరితనం కాదు, అదొక్కటే దారి. పైగా నౌకలు ఉన్నవారికీ రక్షణ దొరకలేదు. కూటమిని విడిచిపోవాలనుకొన్న మొదటి నగరం నాక్సోస్‌ను ముట్టడించి లొంగదీశారు. గనుల విషయమై తగవుపడి క్రీ.పూ. 465లో తిరగబడిన థాసోస్ గోడలను కూల్పించి, నౌకలను లాక్కొన్నారు. చందాదారుకు సంఘాన్ని విడిచిపోయే హక్కు ఉంటుంది. ఆ హక్కు కూటమి పుట్టిన కొద్ది సంవత్సరాలకే పోయింది.

క్రీ.పూ. 454లో ఖజానా డెలోస్ నుంచి ఏథెన్స్‌కు తరలింది. ఆ తరువాత కూటమి సభ సమావేశమైన దాఖలాలు కనిపించవు. ప్రతి నగరపు చెల్లింపులో అరవయ్యో వంతును ఎథీనా దేవికి అర్పించి, ఆ లెక్కను మూడున్నర మీటర్లకు పైగా ఎత్తున్న పాలరాతి మీద చెక్కారు. ముక్కలుగా దొరికిన ఆ శిలాజాబితాలే నేటి చరిత్రకారులకు ప్రధాన ఆధారం. చెక్కిన అంకెను అరవైతో హెచ్చిస్తే నగరపు అసలు చెల్లింపు తెలుస్తుంది. థాసోస్ మొదట 3 తలాంతులు, తరువాత 30 తలాంతులు చెల్లించినట్లు ఇలాగే తేలింది. క్లీనియాస్ ప్రతిపాదించిన మరొక శాసనం వసూలు పద్ధతిని చెబుతుంది. సొమ్ము తెచ్చేవారు దారిలో మోసం చేయకుండా ప్రతి నగరానికీ ఒక ముద్ర. ఎంత పంపుతున్నదీ పలక మీద రాసి ముద్రవేసి పంపాలి. ఈ శాసనం క్రీ.పూ. 440లదా, 420లదా అన్న వివాదం ‘సిగ్మా’ అక్షరానికి ఎన్ని గీతలన్న దానిపై చాలాకాలం నడిచింది. తెలుగు శాసనాల లిపిపరిణామంతో పరిచయమున్నవారికి ఇటువంటి చిక్కు కొత్తకాదు.

వసంతకాలంలో డయొనీసియా ఉత్సవాలప్పుడు సొమ్ము ఏథెన్స్ చేరేది. వచ్చిన వెండిని తలాంతుల లెక్కన నాటకశాలలో ప్రేక్షకుల ముందు, ఆ మిత్రనగరాల ప్రతినిధుల ఎదుటే ప్రదర్శించేవారని ఐసోక్రటీస్ తరువాతి శతాబ్దంలో రాశాడు. మిత్రుల ద్వేషం సంపాదించడానికి ఇంతకన్న మంచి ఉపాయం లేదని ఆయన భావం.

క్రీ.పూ. 425లో, పెలొపొనీషియన్ యుద్ధం నడుమ, థుడిప్పోస్ ప్రతిపాదించిన తీర్మానం మొత్తం నిర్ణయాన్ని సుమారు 1,460 తలాంతులకు పెంచింది. కూటమిలో ఎన్నడూ చేరని మీలోస్ ద్వీపం పేరిట కూడా 15 తలాంతులు రాశారు. సభ్యత్వమే లేనివారికి సభ్యత్వ రుసుము! నిర్ణయం అన్యాయమని తోచిన నగరం ఏథెన్స్ న్యాయస్థానంలోనే మొరపెట్టుకోవాలి. సమోత్రేస్ ప్రజల పక్షాన ఆంటిఫోన్ రచించిన అటువంటి ప్రసంగంలో కొన్ని వాక్యాలు మిగిలాయి. తమ ద్వీపం చిన్నదని, కొండలతో నిండినదని, సాగుకు పనికివచ్చే నేల కొద్దిపాటిదేనని అందులో విన్నవించుకొన్నారు. నిర్ణయించినవారికే ఆ నిర్ణయంపై మొర! ఈ చరిత్రలో చెల్లించే నగరం గొంతు వినిపించే చోట్లు బహు తక్కువ. ఆ కొద్ది వాక్యాల విలువ అందులోనే ఉంది.

ఏథెన్స్ పక్షాన చెప్పవలసినదీ ఉంది. దాని నౌకాదళం ఉన్నంతకాలం పారశీకులు ఈజియన్ సముద్రంలో మళ్ళీ నిలదొక్కుకోలేదు. మిత్రులను రక్షిస్తున్నంతవరకు సొమ్ముకు లెక్క చెప్పనక్కరలేదని పెరిక్లీస్ వాదించినట్లు ప్లూటార్క్ రాశాడు. ప్లూటార్క్ ఐదు శతాబ్దాల తరువాతివాడు కనుక ఆ మాటలను యథాతథంగా గ్రహించలేం. అవి నిజమైనా, లెక్క చెప్పనక్కరలేదన్న మాటే సంఘాన్ని సామ్రాజ్యం చేసింది.

ఓటమి తరువాత ఏథెన్స్ ఈ పాఠం నేర్చుకొంది. క్రీ.పూ. 377లో రెండవ కూటమికి నగరాలను ఆహ్వానిస్తూ చెక్కించిన శాసనంలో సైన్యాన్ని నిలపబోమని, పాలకుని పంపబోమని, ‘ఫోరోస్’ వసూలు చేయబోమని వాగ్దానం చేసింది. ఏథెన్స్‌కు చోటులేని సభ ఒకటి మిత్రులకు ఏర్పాటైంది. కాని నౌకలకు సొమ్ము కావాలి. అప్పుడు కాలిస్ట్రాటస్ ఆ చెల్లింపునకు ‘సింతాక్సిస్’ అని పేరు పెట్టాడని, ఫోరోస్ అన్న మాటను నగరాలు సహించలేకపోవడమే అందుకు కారణమని థియోపాంపస్ చెప్పాడు. ‘కలిపి అమర్చడం’ అని దాని అర్థం. వ్యాకరణంలో వాక్యనిర్మాణానికి వాడే ‘సింటాక్స్’ ఈ మాటే. ఉత్తర సర్కారుల జమీందార్లు కంపెనీకి చెల్లించిన పేష్కష్ కూడా పారశీకంలో ‘ఎదుట ఉంచే కానుక’ అన్న అర్థంలో పుట్టిన మాటే. చెల్లించేవారికి ఆ మధురార్థం ఎంతమాత్రం ఉపయోగపడిందో ఊహించవచ్చు.

క్రీ.పూ. 357లో ఖియోస్, రోడ్స్, కోస్, బైజాంటియంతో కలిసి కూటమిపై తిరగబడ్డాయి. రెండేళ్ళ యుద్ధం తరువాత ఏథెన్స్ వాటి స్వాతంత్ర్యాన్ని అంగీకరించవలసివచ్చింది. మిగిలినవి బలహీనమైన ద్వీపాలు. తాను రాజకీయాలలో ప్రవేశించేనాటికి వాటి చెల్లింపు మొత్తం 45 తలాంతులని, అదీ ముందుగానే వసూలైపోయిందని డెమోస్తనీస్ క్రీ.పూ. 330 నాటి ప్రసంగంలో పేర్కొన్నాడు.