టీకా ధ్రువపత్రాలు - వికేంద్రీకృత డిజిటల్ గుర్తింపు విధానం: నేపథ్య సమాచారం

టీకా వివరాలు ప్రభుత్వ కంప్యూటర్లలో మాత్రమే గాక సంబంధిత వ్యక్తి అధీనంలోనే ఉండి, అవసరమైన చోట ఆ వ్యక్తే స్వయంగా చూపగలిగే ఏర్పాటునకు వికేంద్రీకృత డిజిటల్ గుర్తింపు ఆధారమవుతుంది. కోవిడ్ కాలంలో ప్రపంచ దేశాలు జారీ చేసిన క్యూఆర్ కోడ్ ధ్రువపత్రాలతో ఈ అంశం ప్రాధాన్యం సంతరించుకొంది.

ఇందులో ముగ్గురికి పాత్ర కలదు. ధ్రువపత్రాన్ని జారీ చేసే సంస్థ, దానిని తన వద్ద ఉంచుకొనే పౌరుడు, తనిఖీ చేసే అధికారి. జారీ చేసే సంస్థ తన ప్రైవేట్ కీ అనే రహస్య సంకేతంతో ధ్రువపత్రంపై డిజిటల్ సంతకం చేస్తుంది. దానికి జోడీ అయిన పబ్లిక్ కీని అందరికీ అందుబాటులో ఉంచుతుంది. తనిఖీ అధికారి ఆ పబ్లిక్ కీని ముందుగానే తన పరికరంలో భద్రపరచుకొంటే ఇంటర్నెట్ లేని చోట కూడా సంతకాన్ని సరిచూడవచ్చును. ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోలదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తనిఖీకి గురైనదీ జారీ చేసిన సంస్థకు తెలియవలసిన అవసరం ఉండదు. పౌరుల రాకపోకలపై నిఘాకు తావులేకుండా చేసేది ఈ అంశమే.

ఈ ధ్రువపత్రాల నమూనాను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2019 నవంబరులో ప్రమాణంగా ఆమోదించింది. ఏ ఒక్క కేంద్ర రిజిస్టరుపైనా ఆధారపడని గుర్తింపు సంఖ్యలకు సంబంధించిన ప్రమాణం 2022 జులైలో వెలువడింది. అనగా ప్రపంచమంతటా కోట్ల ధ్రువపత్రాలు జారీ అయిన తరువాతనే రెండవది పూర్తయింది.

మన దేశంలో 2021 జనవరి 16న టీకా కార్యక్రమంతో పాటు ప్రారంభమైన కోవిన్, ధ్రువపత్రాల జారీకి డైవాక్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును వినియోగించింది. శ్రీలంక, ఫిలిప్పీన్స్ కూడా దీనిని స్వీకరించాయి. 2022 జులై 17 నాటికి దేశంలో 200 కోట్ల డోసులు పూర్తయినాయి. అయితే కోవిన్‌ను పూర్తిగా వికేంద్రీకృత వ్యవస్థగా పేర్కొనడం సరికాదు. ధ్రువపత్రం సరిచూచే పద్ధతి మాత్రమే ఆ కోవకు చెందినది. లబ్ధిదారుల నమోదు, వివరాల నిల్వ కేంద్రీకృతంగానే సాగినాయి. ఈ తేడా వార్తలలో తరచు మరుగున పడుతున్నది.

ఈ తేడాకు గల ప్రాముఖ్యం 2023 జూన్‌లో వెల్లడైంది. టీకా లబ్ధిదారుల వ్యక్తిగత వివరాలు ఒక టెలిగ్రామ్ బాట్ ద్వారా లభిస్తున్నట్లు వార్తలు వెలువడగా, కోవిన్ పోర్టల్ సురక్షితమని, ఆ వార్తలు నిరాధారమని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించింది. వాస్తవం ఏమైనప్పటికీ, కోట్లాది మంది వివరాలు ఒకేచోట ఉన్నప్పుడు ప్రతి అనుమానమూ అందరికీ సంబంధించినదే అవుతుంది.

సాంకేతికత సరిపోయినా నమ్మకం కుదరని సందర్భం 2021 శరదృతువులో ఎదురైంది. బ్రిటన్ కోవిషీల్డ్‌ను ఆమోదిత టీకాగా గుర్తించినప్పటికీ, భారత్ జారీ చేసిన ధ్రువపత్రాన్ని వెంటనే అంగీకరించలేదు. రెండు డోసులు పూర్తయిన భారతీయ ప్రయాణికులు సైతం క్వారంటైన్‌లో ఉండవలసి వచ్చింది. భారత్ అక్టోబరు 4 నుండి బ్రిటన్ పౌరులకు అవే నిబంధనలు విధించగా, అక్టోబరు 11 నుండి బ్రిటన్ వాటిని సడలించింది. ఉన్నత విద్యకై ఆ దేశం వెళ్లే తెలుగు విద్యార్థులకూ ఇది వర్తించిన విషయమే. సంతకం సరైనదా అన్నది యంత్రం చెప్పగలదు; సంతకం చేసినవారిని నమ్మాలా అన్నది ప్రభుత్వాలు నిర్ణయించవలసినదే.

ఈ నమ్మకాన్ని దేశాల మధ్య పంచుకొనేందుకు యూరోపియన్ యూనియన్ 2021 జులై 1 నుండి ఉమ్మడి ధ్రువపత్రాన్ని అమలు చేసింది. ఆ నిబంధన గడువు 2023 జూన్ 30తో ముగిసింది. అదే సాంకేతికత ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాల పబ్లిక్ కీల మార్పిడికి ఒక ప్రపంచ వ్యవస్థను చేపట్టింది. ఇందులో వ్యక్తుల ఆరోగ్య వివరాలు ఆ సంస్థకు చేరవు. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు 2024లో ఆమోదించిన సవరణలు 2025 సెప్టెంబరు 19 నుండి అమలులోకి వచ్చి, ఆరోగ్య పత్రాలు డిజిటల్ రూపంలోనూ ఉండేందుకు వీలు కల్పించినాయి. ఎల్లో ఫీవర్ టీకా పసుపు పుస్తకం ఇందుకు ముఖ్య ఉదాహరణ. ఈ టీకా ధ్రువపత్రం 2016 జులై 11 నుండి జీవితకాలం చెల్లుబాటు అవుతున్నది. పదేళ్లకో పుస్తకం మార్చిన కాలంలో కాగితం సరిపోయింది. యాభై ఏళ్లు దాచవలసిన పత్రం సంగతి వేరు.

పిల్లల టీకాల విషయంలో అవసరం మరింత ఎక్కువ. సార్వత్రిక టీకా కార్యక్రమం క్రింద ఏటా సుమారు 2.6 కోట్ల మంది శిశువులకు టీకాలు వేయవలసి ఉన్నది. పాలమూరు నుండి గాని, శ్రీకాకుళం నుండి గాని పనులకై వలస వెళ్లే కుటుంబం తల్లీబిడ్డల రక్షణ కార్డును పోగొట్టుకొంటే, కొత్త ఊరిలోని ఏఎన్ఎంకు బిడ్డకు ఏ టీకాలు పడినవో తెలిసే మార్గం తల్లి జ్ఞాపకం ఒక్కటే. 2023 జనవరిలో ప్రతి రాష్ట్రంలో రెండు జిల్లాల చొప్పున ప్రయోగాత్మకంగా మొదలైన యూవిన్ ఈ లోటును పూరించుటకు ఉద్దేశించినది.

ఫోను లేనివారికి ముద్రించిన క్యూఆర్ కోడ్ చాలును. కాని దానిని స్కాన్ చేసిన ప్రతివారికీ అందులోని వివరాలన్నీ కనిపిస్తాయి. అవసరమైనంత మేరకే చూపే సౌలభ్యం ఫోను వాలెట్లకు ఉన్నది. ఇక ఫోను పోయినప్పుడు పత్రాన్ని తిరిగి పొందుటకు జారీ చేసిన కార్యాలయంలో అసలు నమోదు ఉండి తీరవలెను. పసిబిడ్డ తరఫున తల్లిదండ్రులు ఉంచుకొన్న పత్రం ఆ బిడ్డకు 18 ఏళ్లు నిండినప్పుడు ఏ పద్ధతిలో బదిలీ కావలెనో కూడా జారీ నాటికే నిర్ణయించుకోవలసి ఉంటుంది.