డీఎన్ఎస్‌సెక్ వైఫల్యం

వెబ్‌సైటు సర్వరు సవ్యంగా నడుస్తున్నా, డొమైన్ పేరుకు వేసిన డిజిటల్ సంతకం సరిపోలక కొందరికి ఆ సైటు తెరుచుకోకపోవడం. డొమైన్ పేరుకు చిరునామా వెతికిపెట్టే సర్వర్లు రిజాల్వర్లు. వాటిలో సంతకాలను సరిచూసేవి చిరునామాకు బదులు ‘సర్వ్‌ఫెయిల్’ అని జవాబిస్తాయి. సరిచూడనివి మామూలుగా చిరునామా ఇచ్చేస్తాయి. అందుకే ఒకే ఊళ్లో ఒకరికి సైటు వస్తుంది, పక్కింటివారికి రాదు. నింద సహజంగా ఇంటర్నెట్ సంస్థ మీద పడుతుంది. 2012 జనవరిలో నాసా డొమైన్‌లో సంతకాల గొలుసు తెగినప్పుడు, అమెరికా ఇంటర్నెట్ సంస్థ కామ్‌కాస్ట్ కావాలనే సైటును అడ్డుకుందని కొందరు అనుకున్నారు. ఆ సంస్థ రిజాల్వర్లు నిజానికి తమ పని తాము చేశాయి.

తరచుగా కనిపించే కారణం, డీఎన్ఎస్ సేవను మార్చినా రిజిస్ట్రార్ దగ్గర పాత డీఎస్ రికార్డు (డొమైన్ సంతకపు కీని పై స్థాయితో ముడిపెట్టే గొలుసు లంకె) మిగిలిపోవడం. సంతకం గడువు తీరడం మరొకటి.

పరీక్ష సులువు. ‘డిగ్’ ఆదేశానికి ‘+సీడీ’ జోడిస్తే రిజాల్వరు సంతకాన్ని పట్టించుకోదు. అది లేకుండా సర్వ్‌ఫెయిల్, దానితో చిరునామా వస్తే తప్పు దాదాపుగా సంతకాలదే. గొలుసు ఎక్కడ తెగిందో డీఎన్ఎస్‌విజ్ అనే సాధనం బొమ్మ గీసి చూపుతుంది.

దిద్దుబాటులో తొందర పనికిరాదు. డీఎన్ఎస్‌సెక్‌ను ఆపేయాలనుకుంటే ముందు డీఎస్ తీసేయాలి, దాని కాషె గడువు ముగిశాకే సంతకాలు ఆపాలి. డాట్ కామ్‌లో ఆ గడువు 24 గంటలు. 2021 సెప్టెంబరు 30న సందేశాల సేవ స్లాక్ ఈ వ్యవధి ముగిసేదాకా ఆగకుండా సంతకాలను తొలగించడంతో, పాత డీఎస్‌ను దాచుకున్న రిజాల్వర్ల వాడుకరులకు సేవ అందలేదు. అలాంటప్పుడు గడువు తీరేదాకా ఆగడమో, కాషెను ఖాళీ చేయమని రిజాల్వర్ల నిర్వాహకులను అడగడమో చేయాల్సి వస్తుంది.