గుంతకల్లు మీదుగా మద్రాసుకు పోయిన నాటకం

మా తాతకు బళ్లారి కోర్టులో ఒక భూమి తగాదా ఉండేది. అది ఎన్నేళ్లు నడిచిందో, ఆఖరికి ఎవరు గెలిచారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వాయిదా వచ్చిందంటే మాత్రం ఆయన మొగం వెలిగిపోయేదట. పొద్దున కోర్టులో నల్లకోటు తొడుక్కుని తిరిగిన వకీలు రాఘవ, రాత్రికి పఠాన్ రుస్తుం అయి స్టేజీ మీదికి వచ్చేవాడు. తాత ఆదోనికి తిరిగొచ్చి నెల దినాలు ఆ రుస్తుం కత్తి దూసిన తీరే చెప్పేవాడు. దావా ఖర్చులో సగం నాటకం టికెట్లేనని మా అవ్వ చచ్చేదాకా దెప్పింది.

ఆదోనివాళ్లకు బళ్లారితో పనేమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అప్పుడు మాది బళ్లారి జిల్లానే. ఆదోని తాలూకా, అందులో ఎమ్మిగనూరు, పక్కన ఆలూరు, అన్నీ ఆ జిల్లావే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, మేం కర్నూలు జిల్లాలోకి వచ్చాం. జిల్లా మారడంతో కోర్టు, కలెక్టరు మారడం సరే, చరిత్ర కూడా మారిపోయింది. బళ్లారి నాటకం ఇక మాది కాదన్నట్టు మేం దాని ఊసెత్తడం మానేశాం. అందులో ఒక అంటు అరవదేశానికి పోయి పెద్ద వృక్షమైందన్న సంగతి మా ఊళ్లో ఎంతమందికి తెలుసు? నాకే యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

సంగతి ధర్మవరం రామకృష్ణమాచార్యులతో మొదలు. ధర్మవరంలో పుట్టి, బళ్లారిలో వకీలుగా స్థిరపడిన మనిషి. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. ‘చిత్రనళీయం’ రాసి తానే ఆడాడు. ‘విషాద సారంగధర’ రాసి, నాటకమన్నాక చివరికి శుభం పలకాల్సిందేనన్న పాత కట్టును తెంచాడు. ఆయన పెట్టిన సరస వినోదిని సభలో పొట్టకూటికి వేషం కట్టినవాళ్లు లేరు. వకీళ్లు, పంతుళ్లు, కచేరీ ఉద్యోగులు. పగలు ఫైళ్లు, రాత్రి కిరీటాలు. ఈ మాట గుర్తుంచుకోండి, మద్రాసులో పని చేసింది ఇదే.

1871 నాటికే మద్రాసు రైలు మా ఆదోని మీదుగా రాయచూరు చేరింది. బళ్లారివాళ్లు గుంతకల్లుకు వస్తే అదే దారి పట్టుకోవచ్చు. 1891లో ఆచార్యులు తన బృందాన్ని వెంటేసుకుని మద్రాసు వెళ్లి నాటకాలాడాడు. చూసినవాళ్లలో పద్దెనిమిదేళ్ల కాలేజీ కుర్రాడు ఒకడున్నాడు. పేరు పమ్మల్ సంబంధ మొదలియారు. అప్పటిదాకా అతనికి తమిళ నాటకమంటే చిన్నచూపు. చదువుకున్న కుటుంబాలవాళ్లు వేషాలవాళ్లను గడప తొక్కనివ్వని రోజులవి. అలాంటిది వకీళ్లు, ఉద్యోగులు రంగు పూసుకుని నిలబడి, ఏ సిగ్గూ పడకుండా, అంత శ్రద్ధగా ఆడటం చూసేసరికి కుర్రాడి మనసు మారిపోయింది. బళ్లారివాళ్లకు చేతనైంది మనకెందుకు కాదనుకుని, ఆ ఏడాదే జులై 1న కొందరు స్నేహితుల్ని పోగేసి సుగుణ విలాస సభ పెట్టాడు. ఇదేదో మన తెలుగువాళ్ల గొప్ప కోసం మనం అల్లుకున్న కథ కాదు. మొదలియారే తన రంగస్థల జ్ఞాపకాల్లో ఒప్పుకుని రాసుకున్నాడు.

ఆ తర్వాత సభ పెరిగిన తీరు చూస్తే అసూయ పుడుతుంది. మొదలియారు వకీలయ్యాడు, తర్వాత స్మాల్ కాజెస్ కోర్టు జడ్జి కూడా అయ్యాడు గానీ వేషం కట్టడం మానలేదు. తొంభైకి పైగా నాటకాలు రాశాడు. ‘హామ్లెట్‌’ను ‘అమలాదిత్యన్’ చేశాడు. తెల్లవార్లూ సాగే ఆటను కొన్ని గంటలకు కుదించాడు, పాట తగ్గించి మాట పెంచాడు. చెప్పిన వేళకు తెర లేవాల్సిందేనన్నాడు. నాటకాలవాళ్లకు ఇది ఎంత కష్టమో ఆడినవాళ్లకే ఎరుక. ఆడవేషాలు మాత్రం మగవాళ్లవే. రంగవడివేలు అనే సాటి వకీలు ఏళ్ల తరబడి మొదలియారు పక్కన నాయికగా నిలిచాడు. కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి కూడా ఆ సభలో వేషం కట్టినవాడే. తమిళంతో సరిపెట్టుకోకుండా తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు నాటకాలూ ఆడారు. సింహళానికి వెళ్లి ఆడొస్తే అక్కడి తమిళులు కూడా అలాంటి సభలే పెట్టుకున్నారు. బళ్లారిలో అంటించిన దీపం మద్రాసు మీదుగా కొలంబో దాకా పోయిందన్నమాట.

సభకు నీడనిచ్చింది సెంట్రల్ స్టేషన్ పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలు. దశాబ్దాలపాటు అక్కడే ఆడారు, తర్వాత మౌంట్ రోడ్డులో సొంత చోటు చూసుకున్నారు. ఆ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజా ఆనంద గజపతి. ఆదోనిలో రైలెక్కితే దిగేది ఆ హాలు పక్కనే. కంటి ఆపరేషన్ కోసం చెన్నై పోయినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎర్ర ఇటుక, మూలన గోపురం. మా అబ్బాయి ‘కంటికి దుమ్ము తగులుతుంది, పద నాయనా’ అని చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

మొదలియారు రాసిన ‘మనోహర’ 1954లో సినిమాగా వచ్చింది. హీరో శివాజీ గణేశన్, డైరెక్టరు మన ఎల్వీ ప్రసాద్. 1959లో మొదలియారుకు పద్మభూషణ్ ఇచ్చారు. 1964 దాకా బతికి, తన నాటకం తెర మీదికి ఎక్కడం కళ్లారా చూశాడు.

మరి బళ్లారి ఏమైంది? కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి చరిత్ర నాటకాలు రాశాడు. మా తాత చూసిన రుస్తుం, విజయనగర సామ్రాజ్య పతనం మీద ఆయన రాసిన ‘రామరాజు’లోని పాత్రే. ఆ కథ మా వాళ్లకు ఊరికే పట్టలేదు. ఆ సామ్రాజ్యాన్ని కూల్చిన తళ్లికోట యుద్ధం తర్వాత మూడేళ్లకే ఆదోని కోట బిజాపూరు చేతికి పోయింది. ఆచార్యులు 1912లో, కోలాచలం 1919లో పోయారు. మిగిలింది ఆచార్యుల మేనల్లుడు, మా తాత మెచ్చిన ఆ వకీలు రాఘవ. అతని నటన చూడ్డానికి దేశమంతా ఎగబడింది, ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశాడు. పద్యం రాగాలు తీస్తే నాటకం చస్తుందన్నాడు. ఆడవేషం ఆడదే వెయ్యాలని పట్టుబట్టి స్త్రీలను రంగం మీదికి తెచ్చాడు. ఈ విషయంలో మేనమామను చూసి నేర్చుకున్న మద్రాసువాళ్ల కన్నా మేనల్లుడే ముందున్నాడు. కానీ 1946లో రాఘవ పోవడంతో అంతా పోయింది. మొదలియారు సభ కట్టాడు, రాఘవ తానే ఒక సభ అయ్యాడు. తేడా అక్కడుందని నా అనుమానం. బళ్లారిలో రాఘవ పేరిట కళామందిరం ఉంది. మా ఆదోని వాళ్లు అక్కడికి పోవాలంటే ఇప్పుడు రాష్ట్రం దాటాలి.

విచిత్రమేమంటే మా పల్లెల్లో నిలిచింది రాఘవ వద్దన్న రాగాల పద్యనాటకమే. కోతలు అయిపోయి నాలుగు డబ్బులు చేతిలో ఆడాయంటే ఎమ్మిగనూరు చుట్టుపక్కల ‘కురుక్షేత్రం’ మొదలవుతుంది. మా పెద్దమ్మ ఊళ్లో ఒకసారి నేను రిహార్సల్స్‌కు వెళ్లాను. రాములవారి గుడి అరుగు, ఒక బల్బు, దాని చుట్టూ పురుగులు. హార్మోనియం మాస్టరు ఒక్క పద్యాన్నే నలభైసార్లు చెప్పిస్తున్నాడు. వేషగాళ్లు తమ చేతి డబ్బే మాస్టరుకిచ్చి నేర్చుకుంటారు. కృష్ణుడికి ఒక రేటు, కర్ణుడికి ఒక రేటు. ద్రౌపదికి మాత్రం బయటి ఊరి నుంచి ఆర్టిస్టును పిలిపిస్తారు, డబ్బు ఎదురిచ్చి. ఆట రోజున మైకులో చదివింపులు, నడుమ వన్స్‌మోర్లు, తెల్లారేదాకా రాగాలు.

దుర్యోధనుడు ఆరడుగుల మనిషి, గొంతు కంచు. ‘ర’ దగ్గర మాత్రం నాలుక తిరగడం లేదు. మాస్టరు కోప్పడితే నవ్వి, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. రాత్రి ఒంటిగంట దాటింది. నేను లేస్తూ ‘నిద్ర రాదా అన్నా’ అని అడిగితే, బెల్టులో దోపుకున్న కాగితం తీసి బల్బు కిందకు పట్టుకుంటూ, ‘ఆరింటికి జిన్నింగు మిల్లులో డ్యూటీ సారూ, ఈ ఒక్క పద్దెం దారికొస్తే పోతా’ అన్నాడు.